మంచు తెరిపిచ్చేదాకా

ఐసుగడ్డలోకి రంపం సగం దాకా దిగింది. ఈశ్వరయ్య అక్కడ ఆపి, రంపాన్ని బయటికి లాగి, ఆ గాటులో ఇనుప సూది మొన ఆనించి సుత్తితో ఒక్కటే దెబ్బ వేశాడు. గడ్డ నిలువునా రెండుగా విడిపోయింది. విడిపోయిన ముఖాల మీద అరచేత్తో ఒకసారి తడిమి, అంచు వైపు ముక్కను ఒక పక్కకు, నడిమి ముక్కను ఇంకో పక్కకు జరిపాడు.

ఐసుగడ్డ అంతా ఒకటే అనుకుంటారు జనం. కాదు. ఫ్యాక్టరీ డబ్బాల్లో నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి. అంచులు తేటగా అద్దంలా వస్తాయి. నీళ్లలో ఉన్న గాలి, సున్నం అన్నీ లోపలికి తోసుకుపోయి, నడుమ మాత్రం విరిగిన పాలలా తెల్లగా మిగిలిపోతుంది. చల్లదనంలో ఏ తేడా లేదు. చేపలవాళ్లకు ఏది వేసినా పట్టదు, పెళ్లిళ్లవాళ్లు అసలు చూడనే చూడరు. ఈశ్వరయ్య మాత్రం తేట ముక్కను వేరు చేసి పెట్టుకుంటాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేవాడు కాదు.

అతనికి అరవై దాటాయి. కొక్కెంతో గడ్డలు లాగి లాగి కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారిపోయింది. వేళ్ల చివరలు ఎప్పుడూ నీళ్లలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. వాటికి స్పర్శ తెలియడం మానేసి చాలా ఏళ్లయింది. చాయ్ గ్లాసు పట్టుకుంటే ఆ వేడి అరచేతికి తెలియాలి గాని వేళ్లకు తెలియదు. మనిషి మాత్రం చలికి బెదరడు. యాకుత్‌పురా అంతా శాలువాల్లో ముడుచుకున్న ఈ జనవరిలో కూడా పొట్టి చేతుల చొక్కాతోనే తిరుగుతాడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య రుక్మాబాయి మంకీ క్యాపు తెచ్చి చేతిలో పెడితే దాన్ని తీసి జేబులో కుక్కుకున్నాడు.

"రాత్రంత మసలుతనే ఉన్నవు," అంది ఆమె, అతని మొహం వైపు చూడకుండా. "చూసినలే. పో."

అంతకంటే ఏమీ అనలేదు. రుక్మాబాయి నోరు ఊరికే మూతపడేది కాదు. అది మూతపడిందంటే లోపల చాలా ఉందని ఈశ్వరయ్యకు తెలుసు.

స్టేషన్ గోడకు ఆనుకుని ఉన్న అతని ఐసు డిపోలో చలికాలం పనే ఉండదు. అలవాటు కొద్దీ తలుపు తీసి కూర్చోవడమే. ఈ రోజుల్లో ఐసు అడిగేవాళ్లు ఇద్దరే, చేపలమ్మేవాళ్లు, చావు జరిగిన ఇంటివాళ్లు. చావులకు కూడా ఇప్పుడు అద్దాల పెట్టెలు వచ్చేశాయి, కరెంటు తీగ తగిలిస్తే సరి. అయినా నిన్న సాయంత్రం మొఘల్‌పురా నుంచి కబురు వచ్చింది. పండ్ల దుకాణం రామలింగయ్య భార్య నాగమణమ్మ పోయిందని, పెట్టె వద్దు ఐసే కావాలని. దీపాలు పెట్టే వేళకు ఒక విడత వేసి వచ్చాడు. అది ఈపాటికి నీళ్లయి మోరీలో కలిసి ఉంటుంది. ఇప్పుడు కోస్తున్నది రెండో విడత.

గడ్డల మీద ఊక చల్లి, గోనెపట్టాలు కప్పి, పక్కనున్న మున్నా చాయ్ దుకాణం ముందుకు వెళ్లి నిలబడ్డాడు. మామూలుగా అయితే టీవీ వంక కన్నెత్తి చూడడు.

"మున్నాభాయ్, గా హిందీ ఛానల్ వెట్టు. కశ్మీర్ ముచ్చట వస్తదేమో."

"నీకేం పని చాచా కశ్మీర్‌తోని?"

"నాగమణమ్మ తమ్ముడు లేడా, జగదీశ్వర్? సేపుపండ్ల లారీల కోసం పోయిండు. ఆడ మంచు వడి రోడ్డు బందైందట. ఆయన వస్తెనే ఆమెను తీస్తరు."

మున్నా ఛానల్ మార్చాడు. తెలుగు ఛానళ్లు హైదరాబాద్ చలి గురించే గంటసేపు చెబుతాయి గాని కశ్మీర్ సంగతి వాటికి పట్టదు. హిందీ ఛానల్లో పైనున్న రాష్ట్రాలన్నీ తెల్లరంగు పూసి చూపిస్తున్నారు. బారులు తీరిన లారీల మీద మంచు మేటలు వేసింది. ఒక కారు నల్లగా నిగనిగలాడే రోడ్డు మీద తనంతట తానే పక్కకు జారుకుంటూ పోయి గోడకు ఆనింది. రోడ్డు మీద కరిగిన నీళ్లు రాత్రికి రాత్రి మళ్లీ గడ్డకట్టాయని, ఖాజీగుండ్ దగ్గర బండ్లన్నీ ఆపేశారని, విమానాలు కూడా లేవని చెప్పింది వార్తలు చదివే అమ్మాయి. రేపు సాయంత్రం దాకా బర్ఫ్‌బారీ, అంటే మంచు పడడం, తెరిపిచ్చే సూచన లేదంది.

"బేచారా," అన్నాడు మున్నా. "అక్క మొఖం సూడనీకి గూడ లేకపాయె."

 రేపు సాయంత్రం దాకా అన్న మాట చెవిన పడగానే ఈశ్వరయ్య గుండె తేలికైంది. అయితే ఇంకో రోజు ఉంటుంది, రేపు కూడా ఐసు వేయాలి, రేపు కూడా చూడొచ్చు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం సిగ్గుతో తల వంచుకున్నాడు. అక్కడ ఒకడు చలిలో ఏడుస్తూ ఉంటే ఇక్కడ తను సంబరపడుతున్నాడు. సగం చాయ్ అలాగే వదిలేసి బండి దగ్గరికి వచ్చాడు.

మొఘల్‌పురా దారి అతని కాళ్లకు కంఠతా వచ్చు. మూడు చక్రాల బండిని తోసుకుంటూ పోతుంటే గోనెపట్టాల కింది నుంచి నీటి చుక్కలు రోడ్డు మీద గీతలా పడుతూ వెంట వచ్చాయి. గల్లీ మొదట్లో ఎవరో "ఐసన్నా, ఎటు?" అని పలకరించారు. ఆ బండి ఏ ఇంటికో తెలిసినవాళ్లు మాత్రం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆ ఇంటికి మొదటిసారి ఐసు వేసింది ఒక ఎండాకాలంలో. దుకాణం ముందు, ఇల్లు వెనక. పండ్ల రసాలకు రోజూ సగం గడ్డ కావాలి వాళ్లకు. ఈశ్వరయ్య అప్పుడప్పుడే మీసం దిద్దుకుంటున్నాడు. గడ్డ దింపి చెమట తుడుచుకుంటుంటే లోపలి తలుపు చాటు నుంచి గాజుల చెయ్యి ఒకటి ఇత్తడి చెంబు పట్టుకుని బయటికి వచ్చింది.

"జర ఐసు ముక్క వేస్తవా? తెల్లది వద్దు. తేటది."

కొత్త పెళ్లికూతురు. తల్లీ తండ్రీ పోతే ఇంకా నడక రాని పసి తమ్ముణ్ణి చంకన వేసుకునే అత్తగారింటికి వచ్చిందట. ఈశ్వరయ్య అంచు ముక్క పగలగొట్టి చెంబులో వేశాడు. తలుపు వెనక కరకరమని నమిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే నవ్వు.

"నీ పేరేంది?"

"ఈశ్వరయ్య."

"ఈశ్వరయ్యా, రేపు గూడ గిట్లాంటిదే తే."

ఆ గల్లీలో అందరికీ అందరూ అన్నలే. కూరగాయలు తెచ్చేవాడు అన్న, బట్టలు ఇస్త్రీ చేసేవాడు అన్న, గ్యాస్ బండ దించేవాడు అన్న. నాగమణమ్మ నోట కూడా ఆ మాటే. ఈశ్వరయ్యను మాత్రం ఆమె ఏనాడూ అన్నా అనలేదు. "పరాయి మొగోన్ని పేరు వెట్టి పిలుస్తరా, అన్నా అను," అని అత్తగారు ఒకనాడు కసిరితే తలుపు చాటున కిసుక్కున నవ్వింది. మర్నాడు మళ్లీ ఈశ్వరయ్యా అనే పిలిచింది.

అంతే. అంతకు మించి వాళ్లిద్దరి మధ్య ఏమీ జరగలేదు. చేతికి చెయ్యి తగిలింది కూడా లేదు. చెంబు గడప మీద పెట్టేది, అతను ముక్క వేసేవాడు, ఆమె తీసుకునేది. ఆ పిలుపులో ఏదో ఉందని అతను అనుకున్నాడు. లేకపోయినా ఉందనుకోవడం అతని ఇష్టం. పెళ్లి చేసుకున్నాడు, పిల్లను కన్నాడు, రుక్మాబాయిని ఏ లోటూ లేకుండా చూసుకున్నాడు. ఆ ఒక్క పిలుపును మాత్రం ఎవరికీ చూపించకుండా లోపల దాచుకున్నాడు. మనిషన్నాక ఆమాత్రం సొంతం ఉండకూడదా?

ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చినప్పుడు ఇక చెంబు బయటికి రాదనుకుని ఆ వారమంతా మనసు పాడు చేసుకున్నాడు. చెంబు వచ్చింది. "ఫ్రిజ్ల ఐసు కూర వాసన కొడ్తుంది, ఈశ్వరయ్యా," అంది ఆమె. దుకాణంలో జ్యూసు మిషన్లు వచ్చి ఐసు మానేశాక కూడా అటు వెళ్లినప్పుడల్లా ఒక తేట ముక్క ఆ చెంబులో పడుతూనే ఉంది. పళ్లు వదులయ్యాక నమలడం మానేసి, బుగ్గన పెట్టుకుని చప్పరించేది.

పోయిన చలికాలం అతన్ని ఆపి ఫోన్లో వీడియో చూపించింది. కశ్మీర్ నుంచి జగదీశ్వర్ పంపాడు. ఆకాశం నుంచి తెల్లగా, తొందర లేకుండా మంచు రాలుతోంది.

"నీ ఐసు బండ లెక్కుంటది. గిది సూడు, దూదేకినట్టు వడ్తుంది. ఒక్కపారి గా మంచుల నిలవడాలె, ఈశ్వరయ్యా. మస్తు మనసైతుంది."

"పోయి రారాదు మరి?"

"ఎవరు తీస్కపోతరు నన్ను?"

నేను తీసుకుపోతా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎలా తీసుకుపోతాడు, ఏమని తీసుకుపోతాడు? "సరే, పోయొస్త," అని బండి తిప్పుకున్నాడు. చెప్పని ఆ మాటను ఏడాది నుంచి మోస్తూనే ఉన్నాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. దుకాణం తలుపు సగం దించి ఉంది, లోపల ఆపిల్ పండ్ల వాసన. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో బంధువులు. అందరి చేతుల్లో ఫోన్లు, అందరి ఫోన్లలో అదే కశ్మీర్. ఎన్నడూ గొడుగు కూడా కొనని మనుషులు ఇవాళ హిమపాతం గురించి, గాలి ఎటు నుంచి వీస్తుందన్న దాని గురించి మాట్లాడుకుంటున్నారు.

నడి ఇంట్లో ఆమెను పడుకోబెట్టారు. నలుగురు చాపను అంచులు పట్టి లేపితే ఈశ్వరయ్య పాత ఐసు ముక్కలు ఏరి, నీళ్లు ఊడ్చి, కొత్త గడ్డలు వరుసగా పేర్చాడు. తేట గడ్డలన్నీ తల వైపు, తెల్లవి కాళ్ల వైపు. ఊక పోశాడు, పట్టా పరిచాడు. ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా మోకాళ్ల మీద కూర్చుని చేత్తో సరిచేశాడు. నీళ్లు ఆమె జుట్టు వైపు రాకుండా పట్టా అంచు మడిచాడు. ఆ తర్వాతే తలెత్తి చూశాడు. రూపాయి బిళ్లంత కుంకుమ, ముక్కుపుడక, ఎడమ బుగ్గ కొంచెం లోపలికి పోయి, ఐసు ముక్క చప్పరిస్తున్నట్టే ఉంది. అతని కళ్లు చెమర్చాయి. తడి చేతులతో తుడుచుకున్నాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రామలింగయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క రాత్రిలోనే మనిషి సగమయ్యాడు.

"పెట్టె తెస్తమన్నరు, ఈశ్వరయ్యా. నేనే వద్దన్న. ఇది ఎన్నోసార్లు చెప్పింది నాతోని. నన్ను పెట్టెల వెట్టకు, అండ్ల ఊపిరాడది, ఈశ్వరయ్య ఐసు వేయించు అని. నవ్వులాటకే అన్నదో, ఏమో."

ఈశ్వరయ్య పట్టా అంచు మళ్లీ సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

"బాపూ," అని కూతురు కీర్తిప్రియ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "రేపు సాయంత్రానికి కొద్దిగ తెరిపియ్యొచ్చు అంటున్నరు. గట్లయితె మామ ఎల్లుండికి వస్తడు. ఆపుదాం బాపూ. మామను అమ్మనే పెంచింది గద. మామ రాకుంట ఎట్ల పంపుతం?"

"ఆపుదాం బిడ్డ," అన్నాడు రామలింగయ్య.

"ఐసు ఎన్ని దినాలైన తెస్త," అన్నాడు ఈశ్వరయ్య. ఎవరూ అడగకుండానే అన్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. నేనున్న."

"నీకు మస్తు కష్టమైతుంది, కాకా," అంది కీర్తిప్రియ. చిన్నప్పటి నుంచీ ఆమె అతన్ని కాకా అనే పిలుస్తుంది, తండ్రి వైపు వరస కలిపి.

మధ్యాహ్నానికి మూడో విడత తెచ్చేసరికి వాకిట్లో గాలి మారిపోయింది. రామలింగయ్య పెద్దనాన్న కొడుకు భిక్షపతి కుర్చీ నడిమిట్లోకి లాక్కుని కూర్చున్నాడు. కీర్తిప్రియ ఫోన్ చేతిలో వేలాడుతోంది. కొత్త సూచన వచ్చిందట. తెరిపి లేదు, ఇంకా గట్టిగా పడుతుందట. రోడ్డు మీద గడ్డకట్టిన మంచును తవ్వి తీసేదాకా బండ్లను వదలరట.

"ఎన్ని దినాలు వెడ్తం రామలింగం?" అన్నాడు భిక్షపతి. "రేపు అమాస. అమాస నాడు తీస్తమా? ఎవరి కోసమని? ఆమెను గట్ల పండవెట్టి మనం ఫోన్లు సూసుకుంట కూసుందమా?"

అప్పుడే ఫోన్లో జగదీశ్వర్ కనిపించాడు. ఏదో ధాబా లోపల కంబళి కప్పుకుని ఉన్నాడు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. అతని వెనక కిటికీ అంతా తెలుపు.

"బావా, ఇగ ఆపకుండ్రి," అన్నాడు. "నేనీడ కంబళి కప్పుకుని గూడ సలికి తట్టుకుంటలేను. మా అక్కను ఐసు మీద పండవెడ్తిరి. ఎన్ని దినాలు పండవెడ్తరు బావా? తియ్యుండ్రి."

 ఈశ్వరయ్య గోనెపట్టా చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. పొద్దుటి నుంచి ఇంకో రోజు, ఇంకో రోజు అనుకున్నవాడికి ఆమె చలిలో పడుకుని ఉందన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. ఐసుతో బతికినవాడికి ఐసు చల్లన అని ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

"ఒక్కటే మాట, బావా," అన్నాడు జగదీశ్వర్. "తల్లిగారి చీర లేకుంట మాత్రం అక్కను పంపకుండ్రి. వరసకు ఎవరన్న అన్నదమ్ముడు కప్పాలె. ఎవలూ లేనిదాని లెక్క పోవద్దు మా అక్క."

ఫోన్ ఆగిపోయింది. పుట్టింటి చీర కప్పుకోనిదే ఆడమనిషి ఆ ఇంటి గడప దాటదు. తల్లిగారి వైపు జగదీశ్వర్ తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు. దుకాణం నుంచి ఒక చీర తెప్పిద్దామని ఎవరో అన్నారు. మూల కూర్చున్న ముసలామె ఒకతె గదమాయించింది.

"అత్తగారోల్ల పైసలతోటి కొన్నది తల్లిగారి చీర ఎట్లైతది? అన్న ఇంటి కాడికెల్లి రావాలె. అన్న చేతుల మీదికెల్లి కప్పాలె."

 రామలింగయ్య మెల్లగా తలెత్తాడు.

"ఈశ్వరయ్యా, నువ్వు కప్పు. పెండ్లయి వచ్చిన సంది ఈ ఇంటి గడపకు వచ్చినోనివి. నీకంటె అన్న ఎవరున్నరు దానికి? నా పెండ్లాన్ని అన్న లేకుంట పంపకు."

అందరూ అతని వైపు తిరిగారు. పాపం, ఆ మాటలో ఏ కల్మషమూ లేదు. భార్య కోసం కడుపు తరుక్కుపోయి అడుగుతున్నాడు. ఈశ్వరయ్య చేతిలోని గోనెపట్టాను మడత పెట్టాడు. జీవితమంతా ఆమె ఆ ఒక్క మాట అనలేదన్న దాన్నే పట్టుకుని బతికాడు. ఇప్పుడు ఆమె నోరు పలకని వేళ ఆ మాటను అతనే తల మీద పెట్టుకోవాలి. కాదంటే ఆమె దిక్కులేనిదానిలా పోతుంది. అవునంటే తనకు ఇక ఏమీ మిగలదు.

"ఇంటికి పోయి చీర తెస్త," అన్నాడు.

బండి అక్కడే వదిలేసి నడిచాడు. ఖాళీ చేతులతో ఆ దారిన నడవడం అతనికి కొత్త.

రుక్మాబాయి వాకిట్లో కూర్చుని పెరుగు కుండలు కడుగుతోంది. అతను ఎదురుగా నిలబడి సంగతి చెప్పాడు. చెప్పడానికి పెద్దగా మాటలు దొరకలేదు. కశ్మీర్‌లో మంచు తగ్గలేదు, జగదీశ్వర్ రాలేడు, అన్న వరసకు నన్ను కప్పమన్నారు, చీర కావాలి.

ఆమె కడుగుతున్న కుండను బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తెచ్చిన చీర చూసి ఈశ్వరయ్య నిర్ఘాంతపోయాడు. పసుపు రంగు, ఎర్ర అంచు. సైదాబాద్‌లో ఉన్న కూతురు అమల తన మొదటి జీతంతో తల్లికి కొన్న చీర. మనవరాలి ఫంక్షన్‌కు కట్టుకుంటానని మడత విప్పకుండా దాచుకుంది.

"గిది నీది గద రుక్కూ. పాతదేదన్న..."

"పాత చీర కప్పుతవా నీ చెల్లెకు?" అంది రుక్మాబాయి.

ఆ మాట అని చీర అతని చేతుల్లో పెట్టింది. వెంటనే వదలలేదు. చీరకు ఆ చివర ఆమె, ఈ చివర అతను.

"ఊరందరిని అన్నా అన్నది. నిన్నొక్కన్నే అనలే. నాకు ఎర్క లేదనుకుంటివా? పెండ్లయిన కొత్తల నీ ఎంట ఆ గల్లీకి వచ్చిననాడే విన్న." ఆమె గొంతు గట్టిగా లేదు, మెత్తగానూ లేదు. "ఏనాడన్న అడిగిన్నా నిన్ను? అడగలే. నువ్వు నన్నేం తక్కువ చెయ్యలే, నేనేం లొల్లి వెట్టలే. కాని లోపల ముల్లున్నట్టే ఉండె ఇన్నేండ్లు. పో. గిప్పటికన్న అన్నవై పో."

చీర వదిలేసింది. అతని జేబులోంచి సగం బయటికి వేలాడుతున్న మంకీ క్యాపు లాగి, అతని తలకు తనే తొడిగింది. ఈసారి అతను వద్దనలేదు.

తిరిగి వెళ్లేసరికి ఆమెను ఐసు మీది నుంచి దించి, స్నానం చేయించి, పసుపు రాసి వాకిట్లోకి తెచ్చారు. ఐసు తడి పోయి, మొహం ఎండలో పచ్చగా మెరుస్తోంది. అందరూ పక్కకు జరిగారు. ఈశ్వరయ్య చీర మడత విప్పాడు. కొత్త గుడ్డ గంజి చప్పుడు చేసింది. మొగవాడు ఆడదానికి చీర పెట్టాలంటే భర్తయినా కావాలి, అన్నయినా కావాలి. ఎన్నో దసరాలకు బట్టల దుకాణాల ముందు నిలబడి ఈ రంగు ఆమెకు బాగుంటుందని అనుకుని వెళ్లిపోయినవాడు అతను. ఇవాళ నలుగురి ముందు, ఆమె భర్త చూస్తుండగా, పాదాల దగ్గర మొదలుపెట్టి భుజాల దాకా కప్పాడు. స్పర్శ లేని ఆ వేళ్లతో ఎర్ర అంచును ఆమె గడ్డం కింద సర్దాడు.

"పిల్వు, అన్నా," అంది ముసలామె వెనక నుంచి. "పిల్చి సాగనంపాలె."

అతను ఆమె మొహం మీదికి వంగాడు. 

"చెల్లే," అన్నాడు.

ఆ ఒక్క మాటతో లోపల ఇన్నేళ్లుగా గడ్డకట్టి ఉన్నదంతా కదిలింది. "చెల్లే, నాగమణీ, నిన్ను యాడికీ తీస్కపోలేకపోతి చెల్లే," అని ఆమె పాదాల మీద పడి బావురుమన్నాడు. చూసినవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సొంత అన్నయినా ఇంతలా ఏడవడని భిక్షపతి పక్కవాడితో అన్నాడు. రామలింగయ్య వచ్చి భుజం పట్టి లేపి, "బావా, ఊకో," అన్నాడు. రామలింగయ్యకు ఈశ్వరయ్య ఇప్పుడు బావ అయిపోయాడు.

పొద్దు వాలకముందే పాడె లేచింది. డప్పులు ముందుకు సాగాయి. ఆమె పడుకున్న చోట ఊడ్చి, కీర్తిప్రియ దీపం వెలిగించి పెట్టింది. దీపం పక్కన నీళ్లు పెట్టడానికి తల్లి వాడిన ఇత్తడి చెంబు తెచ్చి దించింది. ఈశ్వరయ్య పాడె పట్టడానికి వెళ్లబోతూ ఆగి, గుమ్మం పక్కన కుప్పపోసిన గడ్డల్లోంచి ఒక అంచు ముక్క ఏరి తెచ్చాడు. చొక్కాకు అద్ది ఊక తుడిచి దాన్ని చెంబులో వేశాడు.

"నీళ్లు గద పొయ్యాలె, మామా," అంది కీర్తిప్రియ. మామా అంది, తల్లి వైపు వరస కలిపి.

"గదే అయితది, బిడ్డా."

బయట డప్పుల చప్పుడు గల్లీ మలుపు తిరిగింది. అతను మంకీ క్యాపు సర్దుకుని గబగబా వెళ్లి పాడె కింద కుడి భుజం పెట్టాడు. ఆ భుజం ఎప్పుడో కిందికి జారింది కాబట్టి పక్కవాడు కొద్దిగా వంగి నడవాల్సి వచ్చింది. వెనక ఖాళీ అయిన నడి ఇంట్లో, దీపం పక్కన ఇత్తడి చెంబులో, అవతలి గోడ కూడా కనిపించేంత తేటగా, ఆ ఐసు ముక్క ఇంకా కరగలేదు.